మైటోకాండ్రియాలో యాదృచ్ఛిక భేదములు - వాని గణితము

1991వ సంవత్సరమున రష్యా దేశములో యెకటెరిన్‌బర్గ్ నగరమునకు సమీపమున ఒక గోతినుండి తొమ్మిది అస్థిపంజరములను వెలికి తీసిరి. 1918 జూలైలో హతులైన జార్ చక్రవర్తి రెండవ నికొలస్, ఆయన భార్య, ముగ్గురు కుమార్తెలు, కొందరు పరిజనులు ఆ గోతిలో ఉన్నారని పలువురు తలంచిరి. ఎముకలు ఎవరివో తేల్చుటకు శాస్త్రజ్ఞులు వానియందలి మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.ను పరీక్షించిరి. ఈ డి.ఎన్.ఏ. తల్లినుండియే బిడ్డలకు సంక్రమించును. కావున ఒకే మాతృవంశమునకు చెందినవారిలో ఇది ఒకే రీతిగా ఉండవలెను.

జార్‌వని తలంచిన ఎముకలలోని డి.ఎన్.ఏ. వరుసను, మాతృవంశమున ఆయనకు బంధువులై అప్పటికి జీవించియున్న ఇద్దరి వరుసతో పోల్చి చూచిరి. ఒక్క స్థానమున తప్ప అంతటను సరిపోయినది. సరిపడనిది 16169వ స్థానము. బంధువులిద్దరిలోను అచట థైమిన్ ఉన్నది. ఎముకలలో మాత్రము కొన్ని ప్రతులందు థైమిన్, కొన్నిటియందు సైటోసిన్ కనిపించెను. 1994లో ఈ ఫలితము వెలువడగానే సందేహములు బయలుదేరినవి. ఈ ఎముకలు జార్‌వి కావేమో! లేక వేరొకరి డి.ఎన్.ఏ. పరీక్షలో కలసిపోయినదేమో!

సందేహ నివృత్తికై జార్ తమ్ముడు జార్జి సమాధిని తెరచిరి. ఆయన 1899లోనే మరణించెను. ఆయన ఎముకల పరీక్షా ఫలితము 1996లో ప్రకటింపబడినది. అదే స్థానమున, అవే రెండు రకముల ప్రతులు ఆయనలోను కలవు. ఇట్టి కలయిక అరుదు కనుక ఎముకలు జార్‌వేనను నిర్ణయము బలపడినది. అయితే పాళ్ళు వేరు. అన్నలో సైటోసిన్ ఎక్కువ. తమ్మునిలో థైమిన్ ఎక్కువ.

ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములలో ఈ పాళ్ళు ఏల మారినవి? బంధువులలో ఒక రకము పూర్తిగా ఏల మాయమైనది? దీనికి ఆహారము, వాతావరణము కారణములు కావు. కేవలము యాదృచ్ఛికతయే కారణము. అయితే యాదృచ్ఛికమనగా లెక్కకు అందనిదని భావింపరాదు. ఒక బిడ్డలో పాలు ఎంత ఉండునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. కాని అనేకమంది బిడ్డలలో ఆ పాళ్ళు ఎంతమేరకు వేరుపడునో చెప్పవచ్చును. అంతేకాదు, ఆ వేరుపాటును కొలిచి, కంటికి కనబడని ఒక సంఖ్యను కనుగొనవచ్చును.

మైటోకాండ్రియా - వాని డి.ఎన్.ఏ.

జీవకణములో కేంద్రకమునకు వెలుపల, కణద్రవ్యమునందు మైటోకాండ్రియా ఉండును. ఆహారమునుండి శక్తిని విడుదల చేసి, కణమునకు పనికివచ్చు రూపమున అందించుట వాని ముఖ్యమైన పని. కేంద్రకములోని క్రోమోజోములు గాక, మైటోకాండ్రియాకు స్వంతముగా ఒక చిన్న డి.ఎన్.ఏ. కలదు. ఇది వలయాకారముగా ఉండును. మానవుని మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో 16,569 క్షారపు జతలు కలవని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1981లో ప్రకటించిరి. దానియందు 37 జన్యువులు కలవు.

కేంద్రకములోని ఒక్కొక్క జన్యువుకు సాధారణముగా రెండేసి ప్రతులు ఉండును: ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. విషయము అట్లు కాదు. ఒక్కొక్క కణములో దీని ప్రతులు వందలు, వేలు ఉండును. పరిపక్వమైన మానవ అండములో లక్షకు పైగా ఉండును. ఇన్ని ప్రతులలో ఏ కొన్నిటియందో ఒక మార్పు కలిగినచో, అదే కణములో పాత రకము, కొత్త రకము కలసియుండును. ఈ మిశ్రమ స్థితిలో ముఖ్యమైన ప్రశ్న ఒకటే: నూటికి ఎన్ని ప్రతులు మారినవి?

కణము విభజన చెందునపుడు క్రోమోజోములు క్రమశిక్షణతో చెరిసగముగా పంచబడును. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.కు అట్టి కచ్చితమైన పంపకము లేదు. కణద్రవ్యము రెండుగా చీలునపుడు ఏ ప్రతి ఏ వైపునకు పోవునో చెప్పలేము. పైగా కణ విభజనతో సంబంధము లేకుండగనే కొన్ని ప్రతులు నశించుచు, కొన్ని తమవంటి వానిని సృష్టించుకొనుచు ఉండును. ఏది నశించును, ఏది ద్విగుణీకృతమగును అనునదియు యాదృచ్ఛికమే.

చింతపిక్కల ప్రయోగము

ఈ విషయమును తరగతి గదిలోనే పరీక్షించి చూడవచ్చును. ఒక కుండలో చాల చింతపిక్కలు పోసి, సగము పిక్కలకు సున్నపు బొట్టు పెట్టవలెను. బొట్టు ఉన్నవి మారిన ప్రతులు. లేనివి పాత ప్రతులు. కుండ తల్లి కణము. ఒక్కొక్క విద్యార్థి కన్నులు మూసికొని కుండను కలిపి, ఒక్కొక్కటిగా నాలుగు పిక్కలు తీయవలెను. తీసిన పిక్కను గుర్తు వ్రాసికొని మరల కుండలో వేసి, తరువాతి పిక్కను తీయవలెను. ఆ నాలుగింటిలోని పాలే ఆ విద్యార్థి చేతిలోని 'బిడ్డ కణము' యొక్క పాలు.

పదునారుగురు విద్యార్థులు ఈ పని చేసినచో సగటున ఒకరికి బొట్టు పిక్క ఒక్కటియు రాదు; నలుగురికి ఒకటి, ఆరుగురికి రెండు, నలుగురికి మూడు, ఒకరికి నాలుగును వచ్చును. 1, 4, 6, 4, 1 అను ఈ సంఖ్యలు ఛందస్సు నేర్చినవారికి కొత్తవి కావు. నాలుగక్షరములను గురులఘువులతో ప్రస్తరించినపుడు వచ్చు 16 భేదములలో అన్నియు గురువులైనది 1, ఒక లఘువు గలవి 4, రెండు గలవి 6, మూడు గలవి 4, అన్నియు లఘువులైనది 1. పింగళుని ఛందశ్శాస్త్రమునకు పదియవ శతాబ్దమున వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారములో ఉన్న వరుస ఇదియే.

ఇచట రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, అందరి పాళ్ళను కలిపి సగటు తీసినచో అది కుండలోని పాలే, అనగా సగమే. యాదృచ్ఛికత సగటును ఏ వైపునకును నెట్టదు. రెండవది, వ్యక్తుల మధ్య వ్యత్యాసము మాత్రము పెద్దది. కుండలో సగము ఉండగా, ఒకరి చేతిలో ఏమియు లేదు, మరొకరి చేతిలో అన్నియు అవే.

ఈ వ్యత్యాసమును కొలుచు రాశికి విస్తృతి అని పేరు. కుండలో మారిన వాని పాలు 'ప', తీసిన పిక్కల సంఖ్య 'న' అనుకొనిన,

విస్తృతి = ప × (1 − ప) ÷ న

దాని వర్గమూలము ప్రామాణిక విచలనము. పాలు సగమైనపుడు నాలుగు పిక్కలకు ప్రామాణిక విచలనము నూటికి 25. ఇరువది ఐదు పిక్కలకు నూటికి 10. నూరు పిక్కలకు నూటికి 5. రెండువేల ఐదువందల పిక్కలకు నూటికి 1 మాత్రమే. తీసిన సంఖ్య పెరిగినకొలది బిడ్డలందరు తల్లిని పోలుదురు. సంఖ్య తగ్గినకొలది తల్లికి దూరమగుదురు.

ఈ సూత్రమును తిరుగవేసి కూడ ఉపయోగింపవచ్చును. కుండనుండి ఎన్ని పిక్కలు తీసిరో తెలియదు. ఫలితముల పాళ్ళు మాత్రమే తెలియును అనుకొందము. సగము పాలు గల కుండనుండి వచ్చిన ఫలితముల విస్తృతి 0.01 అయినచో, 0.25ను 0.01చే భాగించగా 25 వచ్చును. తీసిన పిక్కలు 25 అని చూడకయే చెప్పవచ్చును. మైటోకాండ్రియా శాస్త్రములో గణితము చేసిన గొప్ప సహాయము ఇదియే.

ఆవులు చూపిన ఇరుకు ద్వారము

అండములో లక్షకు పైగా ప్రతులు ఉన్నవి కదా! లక్ష పిక్కలు తీసినచో బిడ్డలందరును తల్లి పాలునే పొందవలెను. ఒక రకము పూర్తిగా పోయి, మరియొకటి స్థిరపడుటకు వేల తరములు పట్టవలెను. కాని అమెరికాలో హాస్‌వర్త్, లైపిస్ అను శాస్త్రజ్ఞులు 1982లో హోల్‌స్టీన్ జాతి ఆవుల ఒక మాతృవంశమును పరిశీలించి, కొద్ది తరములలోనే ఒక రకము స్థానమున మరొక రకము వచ్చినదని కనుగొనిరి. ఇంత వేగము లక్ష పిక్కల కుండతో పొసగదు. కావున తల్లినుండి బిడ్డకు పోవు మార్గములో ఎక్కడనో ప్రతుల సంఖ్య మిక్కిలి తగ్గుచుండవలెను. విశాలమైన మైదానమునుండి జనులు ఒక ఇరుకు ద్వారము గుండ దాటి, అవతల మరల పెరిగినట్లు, కొద్ది ప్రతులే తరువాతి తరమునకు మూలమగుచున్నవి.

ఈ ద్వారము ఎంత ఇరుకు? 1996లో కెనడా దేశపు మాంట్రియల్ నగరములో షూబ్రిడ్జి బృందము రెండు రకముల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. కలసియున్న చుంచెలుకలను తయారుచేసి, వాని అండములలోని పాళ్ళను కొలిచినది. సగటు మారలేదు, విస్తృతి పెరిగినది. ఇది యాదృచ్ఛిక మార్పునకు లక్షణము. ఆ విస్తృతినుండి లెక్కించగా, ద్వారము గుండ పోవునవి సుమారు 200 ప్రతులకు సమానమని తేలినది.

ఒక మారు తీసిన ఐదారు, ఇరువది మార్లు తీసిన నూరు

చింతపిక్కల లెక్కలో ఒక చిక్కు కలదు. తల్లి అండమునుండి తరువాతి తరపు అండము వరకు పంపకము ఒక్క మారు జరుగదు. కణము అనేక పర్యాయములు విభజన చెందును. ప్రతి విభజనయందును ఒక కొత్త పంపకము. ఒక మారు తీసిన పిక్కల పాలుననుసరించి కొత్త కుండను నింపి, దానినుండి మరల తీయుట వంటిది ఇది. జన్యు జనాభాలలో ఇట్టి మార్పును 1930 ప్రాంతమున ఫిషర్, సీవాల్ రైట్ అను శాస్త్రజ్ఞులు గణితబద్ధము చేసిరి. దీనినే జన్యు విస్థాపనమందురు.

తర్కము సులభమే. న ప్రతులు గల తరములో యాదృచ్ఛికముగా రెండింటిని ఎన్నుకొనిన, అవి రెండును ముందు తరములోని ఒకే ప్రతినుండి పుట్టుటకు సంభావ్యత 1/న. అట్లు పుట్టినవి ఒకే రకము. కావున కణము లోపలి వైవిధ్యము ప్రతి పర్యాయమును (1 − 1/న) వంతునకు తగ్గిపోవును. కణము లోపల తగ్గిన వైవిధ్యము కణముల మధ్య భేదమై బయటపడును. కనుక అనేక పర్యాయముల తరువాత విస్తృతి కావలసినచో, (1 − 1/న)ను అన్ని పర్యాయములు హెచ్చవేసి, వచ్చిన ఫలమును 1 నుండి తీసివేసి, మిగిలినదానిని ప × (1 − ప)చే హెచ్చవేయవలెను.

న = 100, పర్యాయములు 20 అనుకొందము. 0.99ను ఇరువది మార్లు హెచ్చవేసిన సుమారు 0.818, దానిని 1 నుండి తీసివేసిన 0.182. పాలు సగమైనచో విస్తృతి 0.0455; ప్రామాణిక విచలనము నూటికి 21. ఒక్కమారు నూరు తీసినపుడు ఇది నూటికి 5 మాత్రమే. ఇరువది మార్లు నూరేసి తీసిన ఫలితము, ఒక్క మారు ఐదారు పిక్కలను తీసిన ఫలితముతో సమానము!

దీనినుండి ఒక హెచ్చరిక. విస్తృతినుండి లెక్కకట్టిన సంఖ్య కణములోని ప్రతుల అసలు సంఖ్య కానక్కరలేదు. ఒకే విస్తృతిని ఒక మారు కలిగిన గట్టి ఇరుకు ఈయగలదు. పలుమార్లు జరిగిన సామాన్య పంపకములును ఈయగలవు. శాస్త్రజ్ఞుల మధ్య ఈ విషయమున నిజముగనే వివాదము చెలరేగినది. అండకణములకు పూర్వగాములైన కణములలో ప్రతుల సంఖ్య అంతగా తగ్గుట లేదని 2007లో జపాను శాస్త్రజ్ఞులు చెప్పిరి. సగటున సుమారు 200 వరకు తగ్గుచున్నదని 2008లో బ్రిటను శాస్త్రజ్ఞులు చెప్పిరి.

2015లో జాన్‌స్టన్, జోన్స్, వారి సహచరులు ఈ వాదములన్నిటిని ఒకే గణిత నమూనాలో ఇమిడ్చిరి. అందు ప్రతులు యాదృచ్ఛికముగా పుట్టును, గిట్టును. విభజన సమయమున యాదృచ్ఛికముగా పంచబడును. ఏయే వేగములతో ఇవి జరిగినచో చుంచెలుకలలో కొలిచిన ప్రతుల సంఖ్యయు, విస్తృతియు రెండును ఒకే పర్యాయము సరిపోవునో పరీక్షించిరి. ప్రతుల సంఖ్య కొంతమేర తగ్గుట, విభజనలలో యాదృచ్ఛికమైన పంపకము, ప్రతుల నిరంతర పుట్టుక-నాశము, ఈ మూడింటి కలయికయే కొలతలకు సరిపోవుచున్నదని తేల్చిరి. సగటులు మాత్రమే చూచినచో ఏ వాదము నిజమో తేల్చుటకు వీలులేకపోయెను. విస్తృతి ఆ చిక్కును విప్పినది.

విభజన లేని కణములు - వార్ధక్యము

నరముల కణములు, కండరపు పోగులు సామాన్యముగా విభజన చెందవు. అయినను వానిలో మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. నశించుచు, మరల పుట్టుచునే ఉండును. వృద్ధుల కండరములలో కొన్ని పోగులు మారిన ప్రతులతోనే నిండిపోయియుండుట శాస్త్రజ్ఞులు చూచిరి. చెడిన ప్రతులకు ప్రత్యేకమైన బలము కలదా? అక్కరలేదని గణిత నమూనాల ఆధారమున ఎల్సన్, సామ్యూల్స్, టర్న్‌బుల్, చిన్నరీ 2001లో చూపిరి.

కణములో వేయి ప్రతులు ఉండి, అందు ఒక్కటి మారినది అనుకొనిన, తుదకు అదియే కణమును ఆక్రమించుకొను సంభావ్యత వేయింట ఒకటి. మిగిలిన పర్యాయములలో అది మాయమైపోవును. వేయింట ఒకటి స్వల్పమే అయినను శరీరమున కణములు కోట్లకొలది కలవు. అట్లు ఆక్రమించుకొనుటకు సుమారు వేయి తరములు పట్టును. ప్రతుల తరమునకు ఒక వారము చొప్పున అనుకొనిన, ఇది 19 సంవత్సరములు. మానవుని ఆయుర్దాయములో ఇంత కాలము కలదు. చుంచెలుక రెండు మూడేండ్లే జీవించును. కావున అల్పాయుష్కములైన జంతువులలో ఇట్టి మార్పులు పేరుకొనుటకు యాదృచ్ఛికత ఒక్కటే చాలదని కోవాల్డ్, కిర్క్‌వుడ్ 2013లో లెక్కకట్టి చూపిరి. అచట వేరొక కారణమును వెదకవలెను. ఏది చేయగలదో చెప్పునట్లే, ఏది చేయజాలదో కూడ చెప్పుట మంచి నమూనా లక్షణము.

యాదృచ్ఛికత మరొక విధముగను కొలబద్దగా పనికివచ్చును. యాదృచ్ఛికత సగటును మార్చదు కనుక, సగటే ఒక వైపునకు జరిగినచో అచట ఎన్నిక జరుగుచున్నదని గ్రహింపవలెను. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు చుంచెలుకలలో మిక్కిలి హానికరమైన ఒక మార్పు నాలుగు తరములలో తొలగిపోవుటయు, అంత హానికరము కానిది నిలిచియుండుటయు గమనించిరి.

తల్లుల ప్రశ్నకు సమాధానము

ఈ లెక్కలు మానవుల సుఖదుఃఖములకు దూరమైనవి కావు. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో 8993వ స్థానమున థైమిన్‌కు బదులు గ్వానిన్ వచ్చినచో శక్తి ఉత్పత్తికి భంగము కలుగును. అయితే వ్యాధి లక్షణములు పాలుననుసరించి ఉండును. మారిన ప్రతులు నూటికి 60కి లోపైన సాధారణముగా ఆరోగ్యము చెడదు. 70 నుండి 90 వరకు ఉన్నచో నరముల బలహీనత, చూపు మందగించుట కనిపించును. 90కి మించినచో పసితనముననే మెదడును దెబ్బతీయు లీ వ్యాధి కలుగుట కద్దు.

నూటికి 50 పాలు గల ఒక తల్లి ఆరోగ్యముగానే ఉండవచ్చును. ఆమె బిడ్డల మాట ఏమి? నాలుగు పిక్కల లెక్క ప్రకారము 16 మంది బిడ్డలలో ఐదుగురికి పాలు 75, లేదా అంతకంటె ఎక్కువ. ఒకరికి నూటికి నూరు. నూరు పిక్కల లెక్క ప్రకారము 75ను చేరు బిడ్డ దాదాపు ఉండనే ఉండదు. రెండింటిలోను సగటు 50యే. బిడ్డ భవిష్యత్తును నిర్ణయించునది సగటు కాదు, విస్తృతి. కావున ఆ సంఖ్యను కనుగొనుట వైద్యులకు ఎంత అవసరమో తెలియును.

పాళ్ళు ఎట్లు అమరునో పూర్తిగా తెలుపు వక్రరేఖకు సూత్రమును జపాను శాస్త్రజ్ఞుడు మోటూ కిమురా 1955లోనే సాధించెను. ఆయన జనాభాల జన్యువులకై చేసిన ఆ లెక్క 2008లో మైటోకాండ్రియా పాళ్ళకు అన్వయింపబడినది.

తల్లి అండములోని కేంద్రక పదార్థమును, ఆరోగ్యవంతమైన మైటోకాండ్రియా గల వేరొక స్త్రీ అండమునకు మార్చు పద్ధతిని బ్రిటను 2015లో చట్టసమ్మతము చేసినది. ఈ విధముగా ఎనిమిదిమంది శిశువులు జన్మించిరని 2025లో ప్రకటించిరి. మార్పిడిలో తల్లి ప్రతులు కొద్దిగా వెంట వచ్చుట కలదు. ఆ కొద్ది పాలు కొద్దిగానే నిలుచునా, పెరుగునా అను ప్రశ్న మరల చింతపిక్కల కుండకే తీసికొనివచ్చును. యాదృచ్ఛికత ఒక్కటే పనిచేసిన, నూటికి 2 పాలు గల కణములలో తుదకు ఆ రకముతోనే నిండునవి నూటికి రెండే. కావుననే అట్టి శిశువులను పెరిగి పెద్దవారగువరకు పరీక్షించుచుండుట అవసరము.

జార్ సోదరుల ఎముకలలో కనబడిన భేదము పరీక్షలోని పొరపాటు కాదు. ప్రకృతి తీసిన పిక్కల లెక్క. ఒక తల్లినుండి ఒక మిశ్రమము బయలుదేరి, ఇరుకు ద్వారములు దాటి, ఒక బిడ్డలో ఒక వైపునకు, మరొక బిడ్డలో మరియొక వైపునకు మొగ్గినది. బంధువుల శాఖలలో ఒక రకము పూర్తిగా మాయమైనది. తరగతిలో ఈ ప్రయోగము చేయు ఉపాధ్యాయుడు నాలుగు పిక్కలతోను, ఇరువది ఐదు పిక్కలతోను విడివిడిగా చేయించి, రెండు ఫలితములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన గీయించినచో చాలును. ఏ విద్యార్థికి ఏమి వచ్చునో ఎవరును చెప్పలేరు. ఏ చిత్రము నాలుగు పిక్కలదో, ఏది ఇరువది ఐదు పిక్కలదో దూరమునుండి చూచి అందరును చెప్పగలరు.